ఒగ్గుకథ బృందానికి ఏ మైకులు కొనాలి?

నల్లగొండ దగ్గర మీ ఒగ్గుకథ బృందానికి వేదిక మీదా, ఇంట్లో రికార్డింగుకూ పనికొచ్చే మైకులు, మిక్సరు ఏవి కొనాలని అడిగారు. ఈ చుట్టుపక్కల జాతరలకు చాలా ఏళ్లుగా మైకుసెట్టు నడుపుతున్నాను కనుక, ముందు నా పొరపాటు చెబుతాను.

స్టూడియోలో గొంతు ఎంత స్వచ్ఛంగా వినిపించిందో చూసి ముచ్చటపడి చిన్న శబ్దాన్ని కూడా పట్టేసే ఖరీదైన కండెన్సరు మైకు ఒకటి కొన్నాను. మునుగోడు వైపు ఒక ఊళ్లో మల్లన్న పట్నాల రాత్రి దాన్ని ప్రధాన కథకుడి ముందు పెడితే, ఆయన గొంతు కన్నా పక్కనున్న డోళ్లే అందులో ఎక్కువగా పడ్డాయి. గొంతు పెంచుదామని ఫేడరు కాస్త జరపగానే బాక్సులు కూత పెట్టాయి.

అందువల్ల వేదిక మీద గొంతుకు కార్డియాయిడ్ డైనమిక్ మైకు (ముందు నుంచి వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టే, కండెన్సరు అంత సున్నితం కాని రకం) తీసుకోండి. 1966 నుంచి వస్తున్న షూర్ ఎస్‌ఎం58 ఆ కోవలోదే. వెనుకవైపు నుంచి వచ్చే శబ్దాన్ని బాగా తగ్గిస్తుంది కనుక, కథకులు తమ గొంతు తాము వినడానికి పెట్టే మానిటరు బాక్సును సరిగ్గా దాని వెనుక పెడితే కూత చాలావరకు అదుపులో ఉంటుంది. అయితే కథకులు ఊపులో మైకు జాలీని గుప్పిటతో మూసేస్తారు, దానితో ఆ గుణం పోయి మళ్లీ కూత మొదలవుతుంది. ఈ ఒక్క అలవాటు మాన్పించడానికి నాకు రెండు జాతరలు పట్టాయి. నోటికి, మైకుకు మధ్య దూరం రెట్టింపైతే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుందని కూడా వారికి చెప్పండి. ఎస్‌ఎం58కు నకిలీలు విపరీతం; అసలుది సుమారు 300 గ్రాములు తూగుతుంది, బిల్లు లేకుండా కొనవద్దు.

మిక్సరుకు యూఎస్‌బీ ఉన్నంత మాత్రాన సంతోషపడకండి. చాలా చిన్న మిక్సర్లు అన్ని మైకులూ కలిపేసిన రెండు ట్రాకులే కంప్యూటరుకు పంపుతాయి, తర్వాత డోలు తగ్గించి గొంతు పెంచడం కుదరదు. ప్రతి మైకూ విడివిడిగా రికార్డయ్యేది అడిగి తీసుకోండి. 24 బిట్ల నాణ్యతలో, డోలు గట్టిగా మోగినప్పుడు కూడా రికార్డింగు మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా రికార్డు చేస్తే చాలు.

కేబుళ్లు బ్యాలెన్స్‌డ్ ఎక్స్‌ఎల్‌ఆర్‌వే (బయటి గుర్రు శబ్దాన్ని అణచే మూడు పిన్నులవి) కొనండి, జనరేటరు తీగల పక్కన పరచకండి.

నా కండెన్సరు మైకు ఇప్పుడు ఇంట్లోనే, గోడలకు బొంతలు వేలాడదీసిన చిన్న గదిలో, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబులు ద్వారానే అందే కరెంటు) మీద పనిచేస్తోంది. మీరు రికార్డింగుకు వేరే మైకు కొనేటట్లయితే అటువంటి గది సిద్ధమయ్యాకే కొనండి.