పాఠకుల ప్రశ్నలు: పక్షిరాజుకు వేట ఎందుకు?

ప్రశ్న: ఐర్లండ్‌లో రెన్ అనే చిన్న పిట్టను పక్షులకు రాజు అంటారనీ, మళ్లీ ఆ పిట్టనే ఏటా వేటాడి పండుగ చేసుకునేవారనీ చదివాను. ఈ రెండింటికీ పొంతన ఎలా కుదిరింది?

జవాబు: సుమారు 10 గ్రాముల బరువుండే ఈ పిట్టకు రాజరికం ఎత్తుగడతో దక్కిందని అక్కడి కథ. అందరికంటే ఎత్తుకు ఎగిరిన పక్షే రాజని పందెం వేసుకున్నాయట. గద్ద అన్నిటినీ దాటి పైకి వెళ్లి, ఇక రెక్క ఆడించలేక అలసిపోయిన వేళ, దాని ఈకల్లో దాక్కున్న రెన్ బయటికి వచ్చి మరి కాస్త పైకెగిరి గెలిచింది.

వేట డిసెంబరు 26న, క్రైస్తవ మతం కోసం ప్రాణాలిచ్చిన సెయింట్ స్టీఫెన్ పండుగనాడు జరిగేది. కుర్రాళ్లు ముఖాలకు మసి పూసుకుని, పొదలను కర్రలతో బాది పిట్టను పట్టి చంపి, రిబ్బన్లు కట్టిన హాలీ అనే ముళ్ల ఆకుల చెట్టు కొమ్మకు వేలాడదీసి, దాని అంత్యక్రియలకు చిల్లర ఇమ్మని పాడుతూ ఇంటింటికీ తిరిగేవారు. ఇవ్వని ఇంటి ముందు దాన్ని పాతిపెడితే ఆ ఇంటికి ఏడాదిపాటు అచ్చిరాదని నమ్మకం. వట్టి చేతులతో పంపే ధైర్యం ఎందరికి ఉండేదో మీరే ఊహించవచ్చు.

ఇంత పగ ఎందుకంటే, దాక్కున్న స్టీఫెన్‌ను అది కూతపెట్టి పట్టించిందని ఒక కథ. చప్పుడు లేకుండా దాడికి వస్తున్న ఐరిష్ సైనికుల సంగతిని, శత్రువుల డోలును ముక్కుతో పొడిచి బయటపెట్టిందని మరొకటి. ఆ శత్రువులు ఒకచోట సముద్రం మీదుగా దండెత్తి వచ్చిన వైకింగులు, మరోచోట 17వ శతాబ్దపు ఇంగ్లిష్ సేనాని క్రామ్‌వెల్ సైనికులు. ఇదే వేట ఐర్లండ్‌కూ బ్రిటన్‌కూ మధ్య ఉన్న ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలోనూ, దక్షిణ ఫ్రాన్స్‌లోనూ ఉండేది కనుక, ఆచారం ముందు పుట్టి కారణాలు తర్వాత వచ్చి చేరాయనే నాకు అనిపిస్తుంది. కెర్రీ ప్రాంతంలోని డింగిల్‌లో గడ్డి వేషాలతో ఊరేగింపు ఇప్పటికీ జరుగుతుంది; పిట్ట మాత్రం బొమ్మే. రాబిన్ అనే మరో చిన్న పిట్ట జోలికి మాత్రం ఎవరూ పోయేవారు కారు. క్రీస్తు రక్తం అంటి దాని రొమ్ము ఎర్రబడిందని చెప్పుకునేవారు.

ప్రశ్న: ఒక జాతి బాతులు చెట్లకు కాస్తాయని అక్కడ నిజంగా నమ్మేవారా?

జవాబు: చెట్లకు అనడం కంటే సముద్రంలో కొట్టుకువచ్చే దుంగలకు అనడం సరైనది. 12వ శతాబ్దంలో ఐర్లండ్‌కు వెళ్లిన గెరాల్డ్ అనే వేల్స్ మతాచార్యుడు, దుంగకు వేలాడే గవ్వల్లో బార్నకిల్ బాతుల పిల్లలను కళ్లారా చూశానని రాశాడు. ఇవి ఐర్లండ్ పశ్చిమ తీరానికి వచ్చేది చలికాలం గడపడానికే. గుడ్లు పెట్టేది గ్రీన్‌లాండ్‌లో. గూడునూ గుడ్డునూ ఎవరూ చూడకపోవడంతో ఆ మాట చెల్లిపోయింది. దానికి ఒక రుచికరమైన కారణం కూడా తోడై ఉంటుంది: ఈ బాతు మాంసం నుంచి పుట్టినది కాదు కనుక మాంసం ముట్టకూడని ఉపవాస దినాల్లోనూ తినవచ్చని కొందరు మతపెద్దలు నిశ్చింతగా భోంచేసేవారని గెరాల్డే రాశాడు.