ఆల్ప్ ద్యుయేజ్ లాంగ్ ట్రయథ్లాన్‌కి వీఐపీ ప్యాకేజీ తీసుకోవచ్చా?

గోవాలో హాఫ్ ఐరన్‌మ్యాన్ చేశా, నెక్స్ట్ ఫ్రాన్స్ ఆల్ప్స్ కొండల్లో జరిగే ఆల్ప్ ద్యుయేజ్ లాంగ్ (ఈత, సైకిల్, పరుగు మూడూ ఒకే రోజు), వీఐపీ ప్యాకేజీకి డబ్బు పెట్టొచ్చా, కోర్సు నిజంగా అంత కష్టమా అని అడిగారు కదా. నేను ఉండేది గ్రెనోబ్ల్‌లో, ఆ కొండ మాకు కార్లో గంట దూరం, రేసు కూడా చేశా, కాబట్టి మొహమాటం లేకుండా చెప్తా. వీఐపీ ప్యాకేజీ రేసు చేసేవాడికి కాదండీ, వాడి వెంట వచ్చేవాళ్లకి. ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

మీకు గోవా మిరామార్ బీచ్‌లో గోరువెచ్చటి సముద్రం అలవాటు. ఇక్కడ వెర్నే లేక్ 15, 16 డిగ్రీలుంటుంది, జూలై నెలాఖర్లో కూడా. అది గ్రాన్ మెజోన్ పంప్డ్ స్టోరేజీ ప్లాంటుకి కింది రిజర్వాయర్, మిగులు కరెంటుతో నీళ్లు పైకి తోడి డిమాండ్ వచ్చినప్పుడు కిందికి వదుల్తారు, మన శ్రీశైలం ఎడమ గట్టు మీద రివర్సిబుల్ టర్బైన్లు చేసే పనే, ఫ్రాన్స్‌లో ఇదే అన్నిటికన్నా పెద్దది. అందుకే మామూలు రోజుల్లో అందులో దిగనివ్వరు, రేసుకే తెరుస్తారు. చేతికి వీఐపీ బ్యాండ్ ఉన్నా లేకపోయినా అవే నీళ్లు, అదే 2.2 కి.మీ. ఈత.

తర్వాత సైకిల్ దాదాపు 120 కి.మీ., ఎక్కేది మూడు వేల మీటర్ల పైమాటే. ముందు గ్రాన్ సెర్ కొండ, తర్వాత 1,371 మీటర్ల కోల్ దోర్నోన్ కనుమ, అక్కణ్ణుంచి బూర్ ద్వాజాన్ ఊరికి దిగి, కాళ్లలో ఏమీ మిగలని టైములో అసలుది, ఆల్ప్ ద్యుయేజ్ ఎక్కడం, మొదలు: 13.8 కి.మీ., సగటున ఎనిమిది శాతం ఎత్తు, 21 మలుపులు. బోర్డుల మీద నంబర్లు కింద 21 నుంచి పైకి ఒకటి దాకా తగ్గుతూ వస్తాయి, ఒక్కో దాని మీద టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసులో అక్కడ గెలిచినవాళ్ల పేర్లు, 1952లో మొదట గెలిచిన ఫౌస్తో కొప్పితో మొదలు. మొదటి మలుపులే దారుణం, పది శాతం దాటుద్ది.

మా ఆఫీసులో గుంటూరు తమ్ముడొకడు ఉన్నాడు, నేను చేసిన ఏడాదే ఒక ట్రావెల్ ఏజెంట్ దగ్గర వీఐపీ ప్యాకేజీ కొన్నాడు, హోటలూ, పార్కింగూ, సైకిల్ స్టాండ్‌లో ముందు వరసా, ఫినిష్ దగ్గర టెంట్‌లో ఇద్దరికి భోజనం, అన్నీ అందులోనే. సైకిల్‌కి మాత్రం వెనక కాసెట్టు (పళ్ల చక్రాల గుత్తి) పెద్ద చక్రానికి 28 పళ్లే, పళ్లు ఎక్కువుంటేనే ఎత్తు తేలిగ్గా తొక్కగలం! ఇరవయ్యో మలుపు దాటాక చూశా, రోడ్డు మీద నుంచి సెగ కొడుతుంటే అటూ ఇటూ వంకర్లు పోతూ తొక్కి, చివరికి దిగి పెడల్‌కి బిగించే ఆ క్లీట్ బూట్లతో టక్కు టక్కుమంటూ తోసుకుంటూ నడుస్తున్నాడు. నేనేదో హీరోలా దాటేశాననుకోకండి, నేనూ నత్త స్పీడే, కానీ వెనక 34 ఉంది కాబట్టి కూర్చునే తొక్కా. "అన్నా, పైన ఐస్‌క్రీమ్ ఉందంట" అన్నాడు, వాడి వీఐపీ టెంట్‌లో. నవ్వడానికి కూడా ఊపిరి లేదు.

మా ఆవిడా బాబూ ఏడో మలుపు దగ్గర నించున్నారు, డచ్ కార్నర్ అంటారు, చిన్న చర్చి పక్కన. ముందురోజే ఆ కొండ దారిలోనే ఉన్న హ్యుయేజ్ ఊళ్లో రూమ్ తీసుకున్నాం కాబట్టి నడిచే వచ్చేశారు. చేతిలో మజ్జిగ సీసా! తీసుకోడానికి లేదు, బయటివాళ్ల సాయం రూల్స్‌కి విరుద్ధం, వెనకే రిఫరీ బైకు. "ఒక్క గుక్కేగా తాగు" అని ఆవిడ, "వద్దు వద్దు" అని నేను, బాబు మాత్రం ఆ మలుపంతా నా పక్కనే పరిగెత్తాడు. అదే టైములో తమ్ముడి భార్య పైన టెంట్‌లో కూర్చుని ఫోన్‌లో వాడెక్కడున్నాడో చూపించే ట్రాకర్ రిఫ్రెష్ చేస్తూ ఉందంట, చుక్క ఎంతకీ కదలట్లేదని కంగారు, పాపం, నడుస్తున్నాడని ఆవిడకేం తెలుసు.

రేసులో శక్తి కోసం మింగే జెల్లుల గురించి కూడా చెప్పాలి అసలు, ఆరేడు గంటలు ఆ తియ్యటి జిగురు మింగితే ఎవడికైనా వికారమే, ఏ ప్యాకేజీలోనూ ఉప్పగా తినేది ఒక్కటీ పెట్టరెందుకో. పైన పరుగు 20 కి.మీ., 1,860 మీటర్ల ఎత్తులో, ఎత్తుపల్లాల లూపులు. 2007లో బ్రిటన్ అమ్మాయి క్రిస్సీ వెల్లింగ్టన్ ఇక్కడ ఆడవాళ్లలో గెలిచి అదే ఏడాది హవాయిలో ఐరన్‌మ్యాన్ వరల్డ్ ఛాంపియన్ అయింది, నేను నడకా పరుగూ కాని ఏదో చేసి ముగించా. తమ్ముడు కూడా ముగించాడులెండి, టెంట్‌లో భోజనాలు అప్పటికి సర్దేశారు, ఐస్‌క్రీమ్ లేదు.

ఇంకోటి, సెకండ్ ట్రాన్సిషన్, అంటే సైకిల్ దిగి పరుగుకి మారే చోటు, కొండ పైన ఉంటుంది, రన్నింగ్ బూట్ల బ్యాగు అక్కడ, వెట్‌సూట్ కింద లేక్ దగ్గర, ఆ సామాన్లు ఎవరు ఎక్కడ తీసుకోవాలో ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకోండి. హైదరాబాద్ సోలార్ ట్రాక్ మీద ఎంత తొక్కినా దీనికి పనికిరాదు, అరకు ఘాట్‌కి వెళ్లి వరసగా రెండుసార్లు ఎక్కండి, మిట్టమధ్యాహ్నం. కాసెట్టు మార్చండి. ప్యాకేజీ సంగతి మీ ఆవిణ్ణే అడగండి, నీడలో కూర్చుని తింటా, నువ్వొచ్చినప్పుడు రా అంటే కొనండి, మలుపు దగ్గర నించుంటా అంటే ఆ డబ్బుతో హ్యుయేజ్‌లో రెండు రాత్రులకి రూమ్ తీస్కోండి, జనవరిలోనే, తర్వాత దొరకవు.