చప్పుడు చేసిన పెట్టె

ప్రశ్న: సార్, నేను ఆదోనిలో బీఎస్సీ ఫైనలియర్ చదువుతున్నాను. క్వాంటమ్ పద్ధతిలో పంపిన రహస్య కీని ఎవరూ దొంగిలించలేరని మా క్లాసులో చెప్పారు. అలాంటప్పుడు దానికి మళ్లీ భద్రతా పరీక్షలు దేనికి?

జవాబు: మీ సార్ చెప్పింది తప్పు కాదమ్మా, సగమే చెప్పారు. కీ అంటే సందేశానికి తాళం వేసే 0, 1 అంకెల వరుస; ఒక్కో అంకె ఒక బిట్టు. 1984లో బెన్నెట్, బ్రసార్డ్ అనే శాస్త్రవేత్తలు ఇచ్చిన పద్ధతిలో కీలోని ఒక్కో బిట్టు ఒక్కో ఫోటాన్ (వెలుగు కణం) కంపించే కోణం మీద ప్రయాణిస్తుంది. దారిలో ఎవడైనా అన్నిటినీ పట్టుకుని, కొలిచి, మళ్లీ పంపాడనుకో. పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు ఒకే రకం కోణం వాడిన బిట్లలో నాలుగో వంతు తప్పులు తేలతాయి. కొన్ని బిట్లు బయటికి చెప్పుకుని సరిచూసుకుంటారు. తప్పులు సుమారు 11 శాతం దాటితే ఆ కీని పారేస్తారు. ఇక్కడి దాకా ఫిజిక్స్, దానికి ఢోకా లేదు.

లొసుగంతా పెట్టెలోనే. 1989లో వాళ్లు కట్టిన మొదటి పరికరంలో ఫోటాన్లు పోయిన దూరం మూరెడు కూడా లేదు. దాని పవర్ సప్లై మాత్రం బిట్టును బట్టి ఒక్కో రకంగా చప్పుడు చేసేది! దొంగ చెవిటివాడైతేనే మా పరికరం భద్రం అని బ్రసార్డే తర్వాత నవ్వుకున్నాడు. అనంతపురంలో పాఠం చెప్పే రోజుల్లో ఈ కథ ఎత్తుకుంటే వెనక బెంచీ కూడా నిద్ర లేచేది.

2010లో నార్వేలో మకరోవ్ బృందం ఇంకా గట్టి దెబ్బ కొట్టింది. అప్పటికే మార్కెట్లో అమ్ముతున్న పరికరాల్లో ఫోటాన్లను పట్టే డిటెక్టర్ల మీదికి బలమైన వెలుగు పంపారు. గుత్తి రోడ్డులో ఎదురు లారీ హైబీమ్ వేస్తే మన కళ్లకు ఏమవుతుందో వాటికీ అదే అయింది. ఒక్కో ఫోటాన్‌ను గుర్తించడం మానేసి, దొంగ ఎప్పుడు చెబితే అప్పుడు క్లిక్ మన్నాయి. తప్పుల శాతం పెరగనే లేదు. అందుకే ఇప్పుడు పరీక్షించేవాళ్లు తామే దొంగలై చూస్తారు: వెలుగు లోపలికి పంపి, తిరిగొచ్చే మెరుపులో రహస్యమేమైనా బయటపడుతుందా, లేజర్ ఒక్కో పల్స్‌లో రెండేసి ఫోటాన్లు వదులుతోందా (వదిలితే ఒకటి దొంగ ఉంచేసుకోవచ్చు) అని. 2012లో వచ్చిన ఒక పద్ధతిలోనైతే డిటెక్టర్లు దొంగ చేతిలో ఉన్నా ఫర్వాలేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

దూరంతో ఇంకో చిక్కు ఉంది. కర్నూలు నుంచి అనంతపురం దగ్గర దగ్గర 150 కిలోమీటర్లు. మంచి ఫైబర్ వేసినా వెయ్యి ఫోటాన్లకు ఒకటి చేరుతుంది. ఫోటాన్‌ను కాపీ చేయలేం కాబట్టి మధ్యలో బలం పెంచడం కుదరదు. గుత్తిలో ఒక గది పెట్టి, అక్కడ కీని విప్పి మళ్లీ పంపాలి. అప్పుడు ఆ గది తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కూడా చూడాలి కదమ్మా.