కంటిలో కండకు ఏ ఆపరేషన్? డబ్బుకు ఎఫ్‌డీ తీయాలా, చిట్టీ పాడాలా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. నాన్నకు 56 ఏళ్లు, మిర్చి రైతు. కుడి కంటిలో ముక్కు వైపు నుంచి కండ నల్లగుడ్డు మీదికి పెరిగింది. కోసి తీసేయడానికి ఒకచోట 12,000, పొర అతికించి చేయడానికి మరోచోట 28,000 అడిగారు. ఆరోగ్య బీమా తీసుకుని 15 నెలలైంది. ఏం చేయాలి? డబ్బుకు చిట్టీ పాడాలా, ఎఫ్‌డీ తీయాలా?

జవాబు: 12,000 ఆపరేషన్ మాత్రం వద్దండీ. టెరీజియం అనే ఈ కండ క్యాన్సర్ కాదు గానీ, మహా మొండిది. కోసి ఆ చోటును ఖాళీగా వదిలేస్తే మళ్లీ పెరిగే అవకాశం చాలా ఎక్కువ, అదీ తరచుగా మొదటి ఏడాదిలోనే. మచ్చ కట్టిన కంటికి రెండోసారి చేయడం కష్టం. మిర్చి కోతల వేళ నాన్నగారు మళ్లీ పొలానికి దూరమైతే అయ్యే కూలీ ఖర్చు కూడా కలిపి చూడండి.

28,000 పద్ధతిలో సాధారణంగా అదే కంట్లో, పైరెప్ప కింద నుంచి పలుచని పొర తీసి ఖాళీ చోట పరుస్తారు. కుట్లు వేస్తారా, జిగురుతో అంటిస్తారా అని అడగండి. జిగురైతే పని త్వరగా అవుతుంది, తర్వాత కన్ను గుచ్చుకోవడమూ తక్కువే, కాకపోతే ఖరీదు. కొందరు సర్జన్లు రోగికి అక్కడ ఊరిన రక్తంతోనే అంటిస్తారు. పొదుపు చేయాలనుకుంటే అంటించే పద్ధతిలో చేయండి, పొర దగ్గర వద్దు.

చాలా పాలసీల్లో కొన్ని ఆపరేషన్లకు రెండేళ్ల నిరీక్షణ ఉంటుంది, అంటే అప్పటిదాకా బీమా డబ్బు రాదు. పాలసీకి ముందే కండ ఉంటే ఆ నిరీక్షణ మూడేళ్ల దాకా ఉండొచ్చు. మీ పాలసీలో ఏముందో చదవండి. కండ ఎన్ని మిల్లీమీటర్లు లోపలికి వచ్చిందో డాక్టరుగారితో రాయించుకోండి. కంటిపాపకు దూరంగా ఉండి, చూపు బాగుంటే ఆయన సలహాతో ఆగవచ్చు. పాప వైపు జరుగుతున్నా, చూపు మసకబారుతున్నా బీమా కోసం ఒక్క నెల కూడా ఆగకండి. కండ ఎప్పటి నుంచి ఉందో నిజమే చెప్పండి, దాచినట్టు తేలితే క్లెయిమే పోతుంది. రేషన్ కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటర్‌లో కూడా అడగండి.

చిట్టీ జోలికి వెళ్లకండి, ఇంత చిన్న అవసరానికి పాటలో వేలు వదులుకోవాల్సి వస్తుంది. ఎఫ్‌డీ నుంచి 28,000 తీస్తే, వడ్డీలో ఒక శాతం కోత పడినా ఏడాదికి 280 రూపాయలు. ఇంకో వెయ్యి కలిపి తీసి, నాన్నగారికి అతినీలలోహిత కిరణాలను ఆపే కళ్లద్దాలు, వెడల్పు అంచు టోపీ కొనండి. ఈ కండకు ఎండ, దుమ్మే ప్రధాన కారణాలు, ఆపరేషన్ తర్వాత కూడా ఆయన వెళ్లేది ఆ పొలానికే కదా.