డేకేర్ నడిపేవారికి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: త్వరలో డేకేర్ తెరుస్తున్నాం. పేరు, లోగో, రంగుల కోసం ఎంత శ్రమ పడాలి?

జవాబు: పేరుకి ఒక చిన్న పరీక్ష పెట్టండి. తెలిసినవాళ్లకి ఫోన్‌లో ఒక్కసారే చెప్పి, రాసి చూపించమనండి. తప్పు రాస్తే ఆ పేరు వదిలేయండి, ఎందుకంటే వెతికేవాళ్లు కూడా అలాగే తప్పు టైప్ చేస్తారు. ‘లిటిల్’, ‘కిడ్స్’, ‘హ్యాపీ’ లాంటి మాటలతో ఇప్పటికే లెక్కలేనన్ని పేర్లున్నాయి, వాటిలో మీది కలిసిపోతుంది. లోగోని ఫోన్ ప్రొఫైల్ బొమ్మంత చిన్నది చేసి చూడండి, తర్వాత ఒక్క నలుపు రంగులోనే ప్రింట్ తీయండి. రెండుచోట్లా పోల్చుకోగలిగితే చాలు. రంగులు రెండు మించవద్దు.

అసలు శ్రమ పెట్టాల్సింది బోర్డు మీది వాక్యం దగ్గర. ‘ఇంటిని మరిపించే వాతావరణం’ అని ప్రతివాళ్లూ రాస్తారు, దాన్నిబట్టి తల్లిదండ్రులకు తెలిసేదేమీ ఉండదు. ఏ వయసు పిల్లల్ని తీసుకుంటారు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, ఒక్కో టీచర్‌కి ఎంతమంది పిల్లలు: ఈ మూడూ రాయండి. అయితే ఆ సంఖ్య మధ్యాహ్నం టీచర్లు భోజనానికి వెళ్లినప్పుడూ, ఒకరు సెలవు పెట్టినప్పుడూ కూడా నిజమై ఉండాలి. చూడ్డానికి వచ్చిన తండ్రి గది గుమ్మంలో నిలబడి మొదట లెక్కపెట్టేది అదే.

ప్రశ్న: రోజూ వాట్సాప్ గ్రూపులో బోలెడన్ని ఫొటోలు పెడుతున్నాం. అయినా ‘మా బాబు గురించి ఏమీ చెప్పరు’ అంటున్నారు. ఎందుకని?

జవాబు: ఫొటోలో బాబు నవ్వడం కనిపిస్తుంది, ఎంతసేపు పడుకున్నాడో కనిపించదు. ఇంటికెళ్లాక తల్లికి అక్కరకొచ్చేది ఆ రెండోదే. ఇలాంటి మెసేజ్ ఒక్కటి చాలు: ‘మధ్యాహ్నం భోజనం సగమే తిన్నాడు. 1:10కి పడుకుని 2:25కి లేచాడు. చివరి డైపర్ 4:40కి మార్చాం. ఈరోజు మెట్టు ఒకటి ఏమీ పట్టుకోకుండా ఎక్కాడు.’ మొదటి మూడు వాక్యాలతో రాత్రి ఎప్పుడు తినిపించాలో, ఎప్పుడు పడుకోబెట్టాలో తేల్చుకుంటారు. నాలుగోది చదివితే, తమ బిడ్డను ఎవరో ప్రత్యేకంగా గమనిస్తున్నారని తెలుస్తుంది.

వీటిని సాయంత్రం గుర్తుతెచ్చుకుని రాయకూడదు. అలా రాస్తే అందరికీ ‘బాగా తిన్నాడు, బాగా ఆడుకున్నాడు’ అనే వస్తుంది. డైపర్ మార్చే బల్ల దగ్గరా, పడుకునే గది తలుపు దగ్గరా ఒక్కో కాగితం తగిలించి, పని అయిన నిమిషంలోనే సమయం వేయించండి.

గ్రూపుని సెలవులు, వేళల మార్పులకే ఉంచండి. అందులో ప్రతివారి నంబరూ మిగతావాళ్లందరికీ కనిపిస్తుంది, ఒకరి ఫిర్యాదు పదిమంది చర్చగా మారుతుంది. వాట్సాప్‌లోనే ఉండే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో ఒకే మెసేజ్ ఒక్కొక్కరికీ విడిగా వెళ్తుంది కాబట్టి ఈ ఇబ్బంది లేదు. కాకపోతే మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది కాబట్టి, చేర్చుకునే రోజే మీ ఎదుట సేవ్ చేయించండి. ఫొటోలకు రెండు అనుమతులు విడివిడిగా సంతకం చేయించుకోవాలి: తోటి పిల్లల తల్లిదండ్రులకు పంపడానికి ఒకటి, బయటి ప్రచారానికి ఇంకొకటి. ఒకే సంతకంలో రెండూ కలిపేస్తే గొడవ తప్పదు.

ప్రశ్న: ఒక పాపను ఇంకో బాబు కొరికాడు. సాయంత్రం తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు చెప్పాం. తల్లి చాలా కోప్పడి, ఇంటర్నెట్‌లో ఘాటుగా రివ్యూ రాసింది. ఎలా చెప్పి ఉండాల్సింది?

జవాబు: గేటు దగ్గర చెప్పడమే పొరపాటు. పంటి గాట్లు ఆమె కంటపడేసరికే కథంతా ఆమె ఊహించేసుకుంది. పాపను శుభ్రం చేసి, ఏడుపు ఆపిన వెంటనే ఫోన్ చేయాలి. చేయాల్సింది కళ్లారా చూసిన టీచర్ గానీ, నిర్వాహకులు గానీ. మొదటి మాట ‘పాప ఇప్పుడు బాగానే ఉంది’. ఆ తర్వాత ఏం జరిగింది, ఒంటి మీద ఎక్కడ, ఏం చేశారు. చర్మం తెగితే సబ్బు నీళ్లతో కడిగామని చెప్పి, డాక్టరుకి చూపించమనండి.

‘పిల్లలన్నాక మామూలే’ అనే మాట నోట రాకూడదు. ఏడాది నుంచి మూడేళ్లలోపు పిల్లలు కొరకడం మామూలే, నిజమే. పళ్లు వస్తుంటాయి, కావలసింది అడగడానికి మాటలు చాలవు, ఒకే బొమ్మ కోసం గుమిగూడతారు. కానీ దెబ్బ తిన్న బిడ్డ తల్లికి ఆ మాట ‘మాకేం పట్టదు’ అన్నట్టే వినిపిస్తుంది. దాని బదులు రేపటి నుంచి ఏం మారుస్తారో చెప్పండి: అదే బొమ్మ ఇంకోటి తెప్పిస్తాం, ఆడుకునే వేళ ఒక టీచర్ ఆ మూలే కూర్చుంటారు, ఇలా.

‘ఎవరు కొరికారు?’ అని తప్పకుండా అడుగుతారు. ‘మీ పాప పేరు ఇంకెవరికీ ఎలా చెప్పమో, ఆ బిడ్డ పేరూ అలాగే చెప్పలేమండీ’ అనండి. కొరికిన బాబు ఇంటికీ అదే రోజు విడిగా ఫోన్ చేయాలి, నేరం మోపుతున్నట్టు కాకుండా. సమయం, స్థలం, చూసినవారు, చేసిన ప్రథమ చికిత్స రాసి, పాప తల్లి సంతకం తీసుకుని ఒక ప్రతి ఆమెకివ్వండి. అందులోనూ రెండో బిడ్డ పేరు ఉండకూడదు.

రివ్యూకి జవాబు రెండు వాక్యాలు మించవద్దు: బాధ కలిగినందుకు విచారం, నేరుగా మాట్లాడేందుకు ఒక నంబరు. బిడ్డ వయసు, జరిగిన సంగతి, ‘నిజానికి ఏమైందంటే’ లాంటివి వద్దు. అది చదివే కొత్త తల్లిదండ్రులు రేపు తమ బిడ్డ విషయం కూడా ఇలాగే బయటపెడతారా అని చూస్తారు.

ప్రశ్న: ఫీజు పెంచాలి. ఎలా చెప్పాలి?

జవాబు: కనీసం రెండు నెలల ముందు, ఒక్కో కుటుంబానికీ వాళ్ల పేరుతో ఉత్తరం ఇవ్వండి. పాత మొత్తం, కొత్త మొత్తం, ఏ తేదీ నుంచి, ఎందుకు, ఎవరితో మాట్లాడాలి: అన్నీ ఒకే పేజీలో ఉండాలి. పండగ శుభాకాంక్షల కింద చివరి వరుసలో కలిపి పంపితే దాచినట్టుంటుంది. ఒకరికి తగ్గించాల్సి వస్తే ఆ కారణం మరొకరికీ వర్తిస్తుందా అని ముందే చూసుకోండి, గేటు బయట వాళ్లిద్దరూ రోజూ మాట్లాడుకుంటారు.