కొత్త రూటర్‌కు పాత నంబరు

నల్గొండ

అల్లుడూ,

పిడుగుల వానకు రూటర్ పోయింది, జడ్చర్ల పోయి కొత్తది తెచ్చి పెట్టినవ్, వైఫై వస్తున్నది గని నెట్ వస్తలేదు అన్నవ్ గదా. తొందరపడి దాన్ని దుకాణంల వాపస్ ఇయ్యకు. దాంట్ల తప్పు ఉండకపోవచ్చు.

కేబుల్ నెట్ ఇచ్చేటోళ్లు కొందరు లైన్ ఇచ్చిన రోజే రూటర్ మ్యాక్ అడ్రస్, అంటే ఆ రూటర్‌కు ఉండే సొంత గుర్తు నంబరు, వాళ్ల దగ్గర ఎక్కించుకుంటరు. ఇగ ఆ లైన్ ఆ నంబరును తప్ప వేరేదాన్ని రానియ్యది. ముందుగాల ఆపరేటర్‌కు ఫోన్ జేసి కొత్త నంబరు ఎక్కియ్యమను. అన్నిటికన్న మంచి తోవ అదే. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఉన్న లైనైతే అవి కూడ అడుగు. ఆయన ఫోన్ ఎత్తకపోతే, పిల్లదానికి పరీక్ష దగ్గరపడితే, అప్పుడు కొత్త రూటర్‌కు పాతదాని నంబరు నువ్వే పెట్టుకోవాలె.

పాత రూటర్ పారెయ్యలేదు గదా? బోర్ల తిప్పి స్టిక్కర్ చూడు. మ్యాక్ అన్నకాడ రెండేసి చొప్పున ఆరు జతలు, మొత్తం 12 ఉంటయి. 0 నుంచి 9, ఇంగ్లీషు ఏ నుంచి ఎఫ్, అంతే. ఇంగ్లీషు ఓ లెక్క కనిపించేది సున్నానే. 8, బి మాత్రం మోసం జేస్తయి. పానగల్ల మా వియ్యపోళ్ల ఇంట్ల 8ని బి అనుకొని పొద్దంత అవస్థ పడ్డ. అందుకే చెప్తున్న, ఫోటో తీసి పెద్దగ జేసి చూడు.

ఇంకో చిక్కున్నది. కొన్ని రూటర్ల స్టిక్కర్ మీద ఉండేది ఇంటి దిక్కు నంబరు. బయటి లైన్ దిక్కుది దానికంటె ఒకటి ఎక్కువుంటది. స్టిక్కర్‌ది పెట్టినా నెట్ రాకపోతే చివరి జతను ఒకటి పెంచి చూడు. ఈ లెక్కల 9 తర్వాత ఇంగ్లీషు అక్షరం ఏ వస్తది. 3ఎఫ్ ఉంటే దాని తర్వాతది 40.

బ్రౌజర్‌ల 192.168.0.1 గాని 192.168.1.1 గాని కొడితే కొత్త రూటర్ పేజీ తెరుసుకుంటది. ఇంటర్నెట్ సెట్టింగ్‌లల్ల మ్యాక్ క్లోన్ ఉంటది, అంటే వేరే నంబరు పెట్టుకునే చోటు. అక్కడ ఇప్పుడున్న నంబరు ముందు కాగితం మీద రాసుకో, అటెన్కనే పాతది ఎక్కించు. పక్కన క్లోన్ బటన్ ఉంటది, అది నొక్కకు. నొక్కితే నువ్వు కూసున్న కంప్యూటర్ నంబరు పడ్తది. ఫోన్ మ్యాక్ నంబరు అసలే పెట్టకు. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో ఉత్తుత్తి నంబరు చూపిస్తయి. సేవ్ కొట్టి, బయటి లైన్ వచ్చి కలిసే ఫైబర్ డబ్బా, రూటర్ రెండూ ఐదు నిమిషాలు బంద్ పెట్టు. ముందు డబ్బా, దాని లైట్లు నిలబడ్డంక రూటర్ ఆన్ చెయ్యి.

పక్కింటోళ్ల నంబరు అడిగి పెట్టేవు, వద్దు బిడ్డా. ఒక్క లైన్ల ఒకటే నంబరు రెండు చోట్ల ఉంటే ఇద్దరిదీ ఆగిపోతది. నీ ఇంటిదే పెట్టుకో.

ఆపరేటర్ కొత్త నంబరు ఎక్కించినంక, కాగితం మీద రాసుకున్న అసలుది మళ్ల పెట్టు. అప్పటిదాక పాత రూటర్ అటక మీదనే ఉండనియ్యి. రాత్రి ఫోన్ జెయ్యి, ఏ లైట్ వెలుగుతున్నదో చూసి చెప్పు. అక్కను అడిగిన్నని చెప్పు.

మీ మామ