కరోనాకు టీకా వచ్చింది, సుఖవ్యాధులకెందుకు రాలేదు?

ప్రశ్న: మా ఆడపడుచుకు పెళ్లయి నాలుగేళ్లు. పిల్లల్లేరు. ఎక్స్‌రే తీసి రెండు ట్యూబులూ మూసుకుపోయాయన్నారు. ఎప్పుడో వచ్చిన ఇన్‌ఫెక్షన్ వల్ల కావచ్చట. అత్తగారింట్లో అందరూ తననే అనుమానిస్తున్నారు. కరోనాకు ఏడాదిలో టీకా తెచ్చారే, సుఖవ్యాధులకు ఎందుకు తేలేదు డాక్టరమ్మా?
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: అమ్మా, ముందు ఆ అనుమానం సంగతి. మన దగ్గర ట్యూబులు మూసుకుపోవడానికి టీబీ కూడా పెద్ద కారణం. సుఖవ్యాధే అనుకున్నా, భర్త నుంచి భార్యకు సోకడమే కర్నూలులో నేను ఎక్కువగా చూశాను. ఎక్స్‌రేలో మందు గర్భసంచిని తెల్లగా నింపి, రెండు మూలల దగ్గరా ఆగిపోయి ఉంటుంది. "నాకెప్పుడూ నొప్పి కూడా రాలేదు మేడమ్" అంటుంది అలా వచ్చిన అమ్మాయి. నిజమే. క్లామిడియా అనే సుఖవ్యాధి సోకిన ఆడవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు.

టీకాలు అసలే లేవని కాదు. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీకి ఉన్నాయి. హెపటైటిస్ బి టీకాను 1997లో మన హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసి, మామూలు ఇళ్లకు అందే ధరకు తెచ్చింది.

చిక్కంతా మిగతావాటితోనే. కరోనా తగ్గాక ఒంట్లో కొంతకాలమైనా రక్షణ ఉండేది. గనేరియా అనే సుఖవ్యాధి అలా కాదు, ఈ నెల తగ్గితే వచ్చే నెల మళ్లీ రావచ్చు. ఆ క్రిమి పైపొరను మార్చుకుంటూ పోతుంది, ఒంటికి గుర్తు చిక్కదు. అయినా ఓ దారి కనబడింది. న్యూజిలాండ్‌లో 2004 నుంచి మెనింజైటిస్‌కు (మెదడు పొరల వాపుకు) వేసిన ఒక టీకా గనేరియాను కూడా 31 శాతం తగ్గించిందని 2017లో తేలింది. రెండు క్రిములూ దగ్గరి చుట్టాలు మరి. ఇంగ్లండ్ 2025 ఆగస్టు నుంచి, ముప్పు ఎక్కువున్నవాళ్లకు ఆ కోవ టీకానే వేస్తోంది.

పరిశోధన డబ్బు ముందు గనేరియాకు, క్లామిడియాకు పెట్టాలంటాను. మరో సుఖవ్యాధి సిఫిలిస్‌కు పెన్సిలిన్ ఇప్పటికీ పనిచేస్తోంది. గనేరియా ఒక్కో మందుకూ లొంగకుండా పోతోంది. క్లామిడియాకు మందుంది గానీ, జబ్బుందనే తెలియని అమ్మాయి మందెలా అడుగుతుంది?

మీ ఆడపడుచుకు టీబీ పరీక్ష చేయించండి. ట్యూబు మొదట్లో కండరం బిగుసుకున్నా ఎక్స్‌రేలో మూసుకుపోయినట్టే కనబడుతుంది, లాప్రోస్కోపీతో (చిన్న కోత పెట్టి కెమెరాతో లోపల చూడటం) ఖాయం చేసుకోవాలి. నిజంగా మూసుకున్నా ఐవీఎఫ్‌తో బిడ్డ కలిగే వీలుంది. సుఖవ్యాధుల పరీక్ష, మందులు ప్రభుత్వాసుపత్రి సురక్ష క్లినిక్‌లో ఉచితం. ఆమె భర్తను కూడా తీసుకెళ్లండి, ఒక్కరే మందు వాడితే జబ్బు మళ్లీ అంటుకుంటుంది.